"నా జీతం ఎవరిస్తారు?": విశాఖలో ఒక పాప ఫైలు

బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం, రక్షణ అవసరమైన పిల్లల పేరు, ఊరు, బడి, ఫొటో ఏదీ బయటపెట్టకూడదు. అందుకే ఈ కేసు పొడవునా ఆమెను 'పాప' అనే రాస్తున్నాను. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను, కొన్ని వదిలేశాను. పనులు జరిగిన క్రమాన్ని, జరగకుండా ఆగిపోయిన క్రమాన్ని మాత్రం మార్చలేదు. పిల్లల రక్షణ పనిలో ఉన్న తోటివాళ్లకు ఉపయోగపడేది అదే.

2025 సంక్రాంతికి వారం ముందు పిల్లల సహాయ నంబరు 1098కి ఒక ఫోన్ వచ్చింది. మధురవాడ వైపు ఒక అపార్టుమెంటులో రాత్రి పదకొండు దాటాక కూడా ఒక చిన్నపిల్ల బాల్కనీలో గిన్నెలు తోముతోందని ఎదురు ఫ్లాట్ ఆవిడ చెప్పారు. మర్నాడు ఉదయం పోలీసులు, కార్మిక శాఖ సిబ్బంది, మా సంస్థ తరఫున నేను వెళ్లాం. తలుపు తీసింది పాపే.

"నీ వయసెంతమ్మా?" అని అడిగాం. "పదహారు" అంది వెంటనే. ఎవరో నేర్పిన జవాబని ఆ తొందరలోనే తెలిసింది. ఏ సంవత్సరంలో పుట్టావంటే మాట్లాడలేదు. ఎంతవరకు చదివావంటే "మూడు" అంది. వంటింట్లో సింకు ముందు ఒక ప్లాస్టిక్ స్టూలు ఉంది. దాని మీద సబ్బునీళ్లు ఎండిన తెల్లని మరకల మధ్య రెండు చిన్న పాదాల అచ్చులు కనిపించాయి. పదహారేళ్ల పిల్లకు సింకు అందడానికి స్టూలు అక్కర్లేదు.

ఇంటావిడ ఆధార్ కార్డు తెచ్చి చూపించారు. పుట్టిన తేదీ 2009 జనవరి 1. "మా పిల్లలతో సమానంగా చూసుకుంటున్నాం మేడమ్, చదివిద్దామనే తెచ్చుకున్నాం" అన్నారు. పాప బట్టలు వాషింగ్ మెషిన్ పక్కన ఒక గుడ్డసంచిలో ఉన్నాయి. పడుకునేదీ అక్కడే. వేళ్ల సందుల్లో చర్మం నాని, తెల్లబడి, పగిలి ఉంది.

వాహనం ఎక్కాక పాప నన్ను అడిగిన మొదటి మాట ఇది: "అక్కా, నా జీతం ఎవరిస్తారు?"

"ముందు ఏదైనా తిను, అది తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. తర్వాతి పది నెలల్లో ఆ పిల్లను కనీసం తొమ్మిది మంది అధికారులు, ఉద్యోగులు, డాక్టర్లు, టీచర్లు ప్రశ్నలు అడిగారు. ఆమె అడిగిన ఒక్క ప్రశ్నకు మాత్రం చాలాకాలం ఎవరమూ జవాబు చెప్పలేదు.

పాపది పాడేరు ఏజెన్సీలో ఒక కొండ ఊరు. ఇంట్లో మాట్లాడేది కువి అనే ఆదివాసీ భాష. తండ్రికి జబ్బు చేసి అప్పు పెరిగినప్పుడు, నగరంలో పనిచేసే ఒక బంధువు మధ్యవర్తిగా 20 వేల రూపాయలు ముందే ఇప్పించి పాపను తీసుకొచ్చాడు. నెలకు 3 వేలు జీతమని మాట. అలా 27 నెలలు గడిచాయి. లెక్క ప్రకారం 81 వేలు రావాలి. ఆ అడ్వాన్సు, పండగలకు పంపిన చిన్న మొత్తాలు కలిపి ఇంటికి చేరింది 26 వేలు.

రెండు వయసులు

ఈ కేసులో మొదటి 19 రోజులు వయసు దగ్గరే ఆగిపోయాయి. ఎందుకు ఆగాయో కొంచెం వివరంగా చెప్పాలి. మన దేశం పిల్లల హక్కులను ఎలా అమలు చేస్తోందో ఆ 19 రోజుల్లో బాగా కనిపిస్తుంది.

ఐక్యరాజ్యసమితి 1989 నవంబర్ 20న ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారత్ 1992 డిసెంబర్ 11న చేరింది. ఆ ఒడంబడికకు 18 ఏళ్లలోపు వారందరూ పిల్లలే. 2015 నాటి మన బాల న్యాయ చట్టానికీ అంతే. కానీ విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల వరకే. 2016లో సవరించిన బాల కార్మిక చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను పనిలో పెట్టడం నిషేధించింది. చదువుకు అడ్డం రాని కుటుంబ పనికి, బాలనటులకు మినహాయింపులు ఇచ్చింది. 14 నుంచి 18 మధ్యవారికి గనులు, పేలుడు పదార్థాలు, ప్రమాదకర ప్రక్రియలు మాత్రమే నిషేధం. ఇళ్లలో పాచిపని అందులో లేదు. అంటే ఆధార్ మీది 2009 నిజమైతే పాపకు పదహారు, బాల కార్మిక చట్టం కింద కేసే లేదు. ఆమెకు పద్నాలుగు నిండకపోతే యజమానికి ఆరు నెలల నుంచి రెండేళ్ల జైలు, 20 వేల నుంచి 50 వేల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

ఒడంబడికలో చేరేటప్పుడు బాల కార్మికత గురించిన 32వ అధికరణం మీద భారత్ ఒక ప్రకటన చేసింది. అన్ని పనులకూ కనీస వయసును ఒక్కసారే నిర్ణయించలేమని, అంచెలంచెలుగా చేస్తామని దాని సారాంశం. దాన్ని వెనక్కి తీసుకోవాలని, ఒడంబడిక అమలును పరిశీలించే ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీ కోరుతూనే ఉంది. జెనీవాలో దౌత్యవేత్తలు మాట్లాడుకునే ఆ పేరాకు, మధురవాడలో స్టూలెక్కి గిన్నెలు తోమే పిల్లకు సంబంధం ఉందని ఈ కేసు వచ్చేదాకా నేనూ ఇంత గట్టిగా అనుకోలేదు. పద్నాలుగు దాటిందని ఒక్క కాగితం చూపిస్తే చాలు, పని ఇచ్చినవారు బాల కార్మిక చట్టం నుంచి బయటపడే దారి ఆ 'అంచెలంచెలు' దగ్గరే మొదలవుతుంది.

నిజానికి మా చేతిలో మూడు దారులు ఉన్నాయి. మొదటిది బాల న్యాయ చట్టం 94వ సెక్షన్. చూడగానే పిల్ల అని తెలిసిపోతే ఆ మాట నమోదు చేసి, ఇంకే రుజువు కోసమూ ఆగకుండా విచారణ కొనసాగించాలని అందులో ఉంది. రెండోది అదే సెక్షన్ చెప్పిన వరుస: అనుమానం ఉంటే ముందు బడి రికార్డు చూడాలి, అది లేకపోతే పురపాలక సంఘమో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువీకరణ పత్రం చూడాలి, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ వరుసలో ఆధార్ లేదు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని సుప్రీంకోర్టు 2024 అక్టోబర్‌లో స్పష్టంగా చెప్పింది కూడా. ఏజెన్సీలో పనిచేసినవాళ్లకు జనవరి 1 తేదీలు కొత్తేమీ కాదు. పుట్టిన రోజు తెలియనివాళ్లకు సంవత్సరాన్ని ఉజ్జాయింపుగా వేస్తే తేదీ జనవరి 1గా పడుతుంది.

మూడోది 79వ సెక్షన్. 18 ఏళ్లలోపు ఎవరినైనా పనిలో పెట్టుకుని కట్టిపడేసినా, సంపాదన ఇవ్వకుండా ఆపినా ఐదేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల జరిమానా. పాపకు పదకొండైనా పదహారైనా ఈ సెక్షన్ వర్తిస్తుంది. వయసు తేలకముందే కేసు కట్టవచ్చు.

అయినా వయసు తేలాకే కదులుతామని ఒక కార్యాలయం అంది. ముందు ఎముకల పరీక్షకు పంపారు. మణికట్టు, మోచేయి ఎక్స్‌రేలు తీశారు. పన్నెండు నుంచి పద్నాలుగు మధ్య అని నివేదిక వచ్చింది. ఈ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా ఉండవచ్చని సుప్రీంకోర్టు 1982లోనే గుర్తించింది. ఏ గీత దగ్గర స్పష్టత కావాలో సరిగ్గా ఆ గీత మీదే నివేదిక నిలబడిపోయింది. 79వ సెక్షన్ గురించి నేను రాతపూర్వకంగా అడిగింది పదకొండో రోజున. మొదటి రోజే అడగాల్సింది. బాల కార్మికత అనగానే బాల కార్మిక చట్టమే గుర్తుకురావడం మా పనిలో పాతుకుపోయిన అలవాటు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఈ ఒక్క సంగతి మరిచిపోవద్దని కోరుతున్నాను.

ఇనుప పెట్టెలో రిజిస్టరు

పాప ఇంటి పరిస్థితులు తెలుసుకుని రాసే సామాజిక పరిశోధన నివేదిక కోసం ద్వారకా బస్ స్టేషన్‌లో పాడేరు బస్సెక్కాను. సబ్బవరం, చోడవరం, మాడుగుల దాటి ఘాట్ రోడ్డు. 2022 ఏప్రిల్ 4 వరకు ఈ దారంతా ఒకే జిల్లా. ఇప్పుడు విశాఖపట్నంలో బస్సెక్కి, అనకాపల్లి జిల్లా మీదుగా, అల్లూరి సీతారామరాజు జిల్లాలో దిగాలి. జిల్లాల విభజన కొండ ప్రాంతాలకు కొన్ని కార్యాలయాలను దగ్గర చేసింది, అది మంచిదే. కానీ పాప ఫైలుకు మాత్రం కొత్తగా ఒక సరిహద్దు వచ్చింది.

ఊరికి చేరడానికి చివర నాలుగు కిలోమీటర్లు నడక. ఏకోపాధ్యాయ పాఠశాల, ఒకే గది. మాస్టారు ఇనుప పెట్టె తెరిచి, గుడ్డలో చుట్టిన ప్రవేశాల రిజిస్టరు తీశారు. పాప పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ: 2013 జూన్. అంటే మేం తలుపు తట్టిన రోజుకు పాపకు పదకొండున్నర.

తల్లి దగ్గర కాగితం ఏదీ లేదు. కాన్పు ఇంట్లోనే అయింది. "పాప ఎప్పుడు పుట్టిందమ్మా?" అని అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, "పెద్ద గాలి వచ్చిన ఏడు, కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లన్నీ పడిపోయాయి కదమ్మా, అప్పటికి ఇది గోడ పట్టుకుని నడుస్తోంది" అంది. హుద్‌హుద్ తుపాను విశాఖ తీరాన్ని తాకింది 2014 అక్టోబర్ 12న. రిజిస్టరులోని జూన్‌కు, తల్లి చెప్పిన నడకకు సరిగ్గా సరిపోయింది. ఆమె మాటను అలాగే, ఆమె చెప్పిన తీరులోనే నివేదికలో రాశాను. చదువులేని తల్లుల జ్ఞాపకాన్ని మనం రుజువుగా ఎంత తక్కువ వాడుకుంటున్నామో ఆ రోజు తెలిసింది.

అదే రిజిస్టరులో పాప వరుస చివర, రిమార్కుల గడిలో, నీలం ఇంకుతో ఒక్క మాట ఉంది: 'వలస'.

ఆ గడిని నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. పాప ఊళ్లో లేదని బడికి తెలుసు. తెలిసినట్టు రాసి ఉంది. తన పరిధిలో ఉన్న 14 ఏళ్లలోపు పిల్లలందరి వివరాలు ఉంచడం, వాళ్లు బడికి వచ్చి చదువు పూర్తిచేసేలా చూడటం స్థానిక సంస్థల బాధ్యతని విద్యాహక్కు చట్టం 9వ సెక్షన్ చెబుతోంది. ఎక్కడికి వలస, ఎవరితో, తల్లి ఊళ్లోనే ఉండగా తొమ్మిదేళ్ల పిల్ల ఒక్కతే ఎలా వలస వెళ్లింది అని ఎవరూ అడగలేదు. ఒక్కడే టీచరు, ఐదు తరగతులు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆయన రాసిన ఆ మాట చదివి లేచి వెళ్లాల్సిన మనిషిని మనం నియమించుకోలేదు. 2011 జనగణన లెక్కల్లో పని చేస్తున్న 5–14 ఏళ్ల పిల్లలు కోటి మందికి పైగా ఉన్నారు. వాళ్లలో ఎంతమంది పేర్ల పక్కన ఇలాంటి ఒక మాట రాసి ఉందో అని ఆలోచిస్తే గుండె బరువెక్కుతుంది.

బాలల గృహంలో 61 రోజులు

రిజిస్టరు నకలుతో వయసు తేలింది, కేసు నమోదైంది. పాపను సొంత జిల్లాకు పంపడం ఇక తేలికే అనుకున్నాను. 95వ సెక్షన్ ప్రకారం పిల్లల సొంత జిల్లా బాలల సంక్షేమ కమిటీని సంప్రదించి బదిలీ చేయాలి. ఉత్తరం వెళ్లింది, జవాబు రావాలి. జవాబు రావడానికి అక్కడి ఇంటి పరిశీలన నివేదిక కావాలి. నా నివేదిక ఉందంటే, అది వేరే జిల్లాది కాబట్టి చెల్లదని ఒకచోట అన్నారు. ఏ ఒక్కరూ నిర్లక్ష్యంగా లేరు. ఎవరి పని వాళ్లు చేశారు. ఒకరి పని ముగిసి ఇంకొకరి పని మొదలయ్యే చోట పాప అరవై ఒక్క రోజులు కూర్చుంది. సంక్రాంతికి ఇంటికి వెళ్లాలనుకుంది, శివరాత్రి కూడా అక్కడే గడిచిపోయింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఊళ్లో సిగ్నల్ దొరికే గట్టు మీద నుంచి ఎవరో తల్లితో ఫోన్ చేయించారు. స్పీకర్ పెట్టాం. తల్లి కువిలో మాట్లాడుతోంది. పాపకు అర్థమవుతోంది, తల ఊపుతోంది, కానీ జవాబు తెలుగులో వస్తోంది. ఒకచోట ఆగిపోయి, మాట కోసం వెతుక్కుని, దొరక్క నా వైపు చూసింది. నాకు కువి రాదు. ఆదివాసీ పిల్లలకు తమ భాష మీద హక్కుందని ఒడంబడిక 30వ అధికరణంలో ఉంది. 27 నెలల్లో పాప పోగొట్టుకున్నవాటి జాబితాలో దీన్ని ఎవరూ రాయలేదు. నేను రాశాను.

తన విషయంలో తన మాట చెప్పే హక్కు పిల్లలకు ఉందని 12వ అధికరణం అంటుంది. మన బాల న్యాయ చట్టం 3వ సెక్షన్‌లోని పదహారు సూత్రాల్లోనూ అది ఉంది. పాపను చాలాసార్లు అడిగారు: ఎవరు తెచ్చారు, కొట్టారా, తిండి పెట్టారా, ఇంటికి వెళ్తావా, చదువుకుంటావా. అన్నింటికీ చెప్పింది. ప్రతిసారీ చివర తనూ అడిగింది: నా జీతం? ఆ ప్రశ్న ఏ వాంగ్మూలంలోనూ లేదు. చిన్నపిల్ల, తెలియక అడుగుతోంది అనుకున్నారు. ఆమెకు బాగా తెలుసు. నాన్న అప్పు ఆ డబ్బుతోనే తీరాలి. తీరకపోతే తన తర్వాత చెల్లి వెళ్లాలి. ఈ చివరి సంగతి పాప ఏడో వారంలో చెప్పింది. అంతవరకు నేను అడగలేదు కాబట్టి చెప్పలేదు.

డబ్బు ఎక్కడ ఆగింది

జీతం అడిగితే పిల్లల చేత చేయించిన పనిని మనమే ఒప్పుకున్నట్టు కాదా అని ఒక సహోద్యోగి నిజాయితీగానే సందేహపడ్డారు. నేను ఒప్పుకోలేదు. పని చేయించడం నేరం. చేయించుకున్న పనికి డబ్బు ఎగ్గొట్టడం ఇంకో నేరం. మొదటి దాని పేరు చెప్పి రెండోదాన్ని మాఫీ చేయడానికి లేదు. కార్మిక శాఖ అధికారి ఒకరు దీన్ని పట్టుకుని చివరిదాకా నిలబడ్డారు. ఏప్రిల్‌లో మిగిలిన 55 వేలు యజమాని డీడీ రూపంలో చెల్లించారు. దానికి తోడు చట్టం ప్రకారం బాల, కౌమార కార్మికుల పునరావాస నిధి ఉంది. యజమానికి పడే జరిమానా, ప్రభుత్వం ఇచ్చే 15 వేలు పిల్ల పేరుతో అందులో వేయాలి.

డీడీ వచ్చింది కానీ వేయడానికి ఖాతా లేదు. ఖాతాకు ఆధార్ అడిగారు. ఆధార్‌లో ఉన్నది అబద్ధపు పుట్టిన తేదీ. దాన్ని దిద్దాలంటే జనన ధ్రువీకరణ పత్రం కావాలన్నారు. ఇంట్లో కాన్పు కాబట్టి పత్రమే లేదు. ఏడాది దాటాక పుట్టుక నమోదు చేయాలంటే ఇదివరకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాల్సి వచ్చేది. 2023 సవరణ తర్వాత, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి, జిల్లా మేజిస్ట్రేటు లేదా ఆయన అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ఇస్తే చాలు. ఈ మార్పు పేదలకు నిజంగా మేలు చేసింది. అయినా మాకు నాలుగు నెలలు పట్టింది. డీడీ గడువు మూడు నెలలే కావడంతో మధ్యలో ఒకసారి కొత్తది తీయించాల్సి వచ్చింది. పుట్టిన వెంటనే ప్రతి బిడ్డ పుట్టుక నమోదు కావాలని ఒడంబడిక 7వ అధికరణం చెబుతోంది. 2013లో ఆ ఒక్క కాగితం ఇచ్చి ఉంటే మిగతావి ఇన్ని అక్కర్లేదు.

ముందిచ్చిన 20 వేల వల్ల ఇది 1976 నాటి చట్టం ప్రకారం వెట్టిచాకిరీ కూడా అవుతుందని, విముక్తి పత్రం ఇవ్వాలని దరఖాస్తు పెట్టాం. వెట్టి నుంచి విడిపించిన పిల్లలకు 2 లక్షల రూపాయల పునరావాస సాయం ఉంది. ఆ దరఖాస్తు ఇంకా విచారణలోనే ఉంది. మధ్యవర్తి దొరకలేదు.

ఒడంబడిక అమలు గురించి మన దేశం జెనీవాలోని కమిటీకి నివేదికలు పంపుతుంది. 2000, 2004, 2014లలో కమిటీ వాటిని పరిశీలించి తన వ్యాఖ్యలు ఇచ్చింది. ఫలానా చట్టం చేశాం, ఫలానా పథకం తెచ్చాం, ఇంతమందిని విడిపించాం అని మనం రాస్తాం. అవి అబద్ధాలు కావు. పాప కూడా ఆ 'విడిపించిన' లెక్కలో జనవరిలోనే చేరిపోయింది. ఆ లెక్క అక్కడితో మూసుకుపోవడమే నా బాధ. పన్నెండు నెలల తర్వాత ఆ పిల్ల ఎక్కడుంది, ఏ తరగతిలో ఉంది, డబ్బు చేరిందా, చెల్లెలు ఎక్కడుంది అనే నాలుగు గడులు ఆ పట్టికలో కలపమని ప్రతి సమీక్షా సమావేశంలో అడుగుతున్నాను. ఒడంబడికకు 2011లో వచ్చిన మూడో ఐచ్ఛిక ప్రోటోకాల్ ప్రకారం పిల్లలే నేరుగా కమిటీకి ఫిర్యాదు చేసుకోవచ్చు. భారత్ అందులో చేరలేదు. కాబట్టి పాప ప్రశ్న మన దేశంలోనే, మన బల్లల మీదే తేలాలి.

అక్టోబర్

మార్చిలో పాప సొంత జిల్లాకు వెళ్లింది. తల్లికి దగ్గరగా ఉన్న ఆశ్రమ పాఠశాలలో చేరింది. వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని, వెనకబడిన చదువును అందుకోవడానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలని విద్యాహక్కు చట్టం 4వ సెక్షన్ చెబుతుంది. జూన్‌లో ఆరో తరగతిలో కూర్చోబెట్టారు. చదవగలిగేది రెండో తరగతి పుస్తకం. ప్రత్యేక శిక్షణ పేరుతో ఏ ఏర్పాటూ లేదు కానీ, తెలుగు చెప్పే టీచరమ్మ రాత్రి స్టడీ అవర్‌లో పాపను, ఇంకో నలుగురిని పక్కన కూర్చోబెట్టుకుని గుణింతాల నుంచి మొదలుపెట్టారు. ఆమెకు ఎవరూ చెప్పలేదు, తానే చేస్తున్నారు.

దసరా సెలవులు అయ్యాక వెళ్లాను. పాప కాస్త ఎత్తు పెరిగింది. వేళ్ల సందులు మానాయి. చెల్లి అదే బడిలో మూడో తరగతిలో చేరింది. ఇద్దరూ కువిలో పోట్లాడుకుంటుంటే దూరం నుంచి విన్నాను.

సెప్టెంబర్‌లో తెరిచిన పాస్‌బుక్కు తీసుకెళ్లాను. మెట్ల మీద కూర్చుని లెక్క చెప్పాను. రావాల్సింది 81 వేలు, మీ నాన్నకు ముందే చేరింది 26 వేలు, ఇదిగో ఈ ఖాతాలో పడింది 55 వేలు. ప్రభుత్వం వేయాల్సిన 15 వేలు ఇంకా రాలేదు. జరిమానా కోర్టు తీర్పు తర్వాత వస్తుంది, వాయిదా డిసెంబర్‌లో ఉంది. తల్లి అనుమతితో నాన్న అప్పుకు 18 వేలు కట్టాం, అప్పు ఇంకా 5 వేలు మిగిలి ఉంది.

పాప పాస్‌బుక్కు తెరిచి అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటిగా చదివింది. తర్వాత నోట్‌బుక్కు వెనక పేజీ తీసి, 15 అని రాసి దాని చుట్టూ గీత గీసింది. "ఇది ఎవరు వేయాలి అక్కా?" అంది. కార్యాలయం పేరు చెప్పాను. ఆ పేరు అక్షరం అక్షరం చెప్పించుకుని, 15 పక్కన రాసుకుంది.